పాత కామిక్‌ని పార్సెల్ చేసే ముందు

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ప్లానోలో ఎస్టేట్ సేల్‌లో (ఒకరి ఇంటి సామానంతా అమ్మేసే చోట) ఒక అట్టపెట్టె కొన్నారని, అందులో మార్వెల్ కంపెనీ వేసిన ఇంక్రెడిబుల్ హల్క్ కామిక్ 181వ సంచిక దొరికిందని, న్యూజెర్సీలో ఒకాయన కొంటానని వెంటపడుతున్నారని రాశారు. దాన్ని ఎలా దాచాలి, ఇన్సూరెన్స్ ఎవరు చేస్తారు, పోస్టులో పంపాలా కొరియర్‌లో పంపాలా, లేకపోతే అటు వెళ్తున్న ఫ్రెండ్ చేతికిచ్చి పంపేస్తే సరిపోతుందా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా అమెరికాలో పాత కామిక్స్ కొంటూ అమ్ముతూ ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను, ఓపిగ్గా చదవండి. ముందు ఒక్క మాట: ఈ వారం మాత్రం ఆ పుస్తకం ఇల్లు దాటకూడదు.

ఎందుకంటే మీ దగ్గర ఉన్నదేమిటో, అది ఏ స్థితిలో ఉందో ఇంకా ఎక్కడా రికార్డు కాలేదు. 1974 నవంబర్ తేదీతో 25 సెంట్లకి అమ్మిన సంచిక అది. మార్వెల్ హీరో వోల్వరీన్ అంతకు ముందు సంచిక చివరి పేజీలో ఒకసారి కనిపించినా, కథలో పూర్తిగా దిగింది ఇందులోనే, అందుకే నలిగిపోయిన కాపీ కూడా ఇవాళ వేల డాలర్లలో పలుకుతుంది. కానీ ఆ ధర అంతా పుస్తకం స్థితి మీదే ఆధారపడి ఉంటుంది, ఒక మూల మడత పడినా, వెన్ను మీద రంగు పగిలి తెల్ల గీత వచ్చినా గ్రేడు, అంటే స్థితిని బట్టి వేసే మార్కు, దిగుతుంది, గ్రేడుతో పాటు ధర దిగుతుంది. రేపు పార్సెల్ పోయిందనుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లు మీ బాధ వినరు, అంత విలువైన వస్తువు అంత మంచి స్థితిలో నిజంగా ఆ పెట్టెలో ఉందని చూపించమంటారు. దాచడం, బీమా, పంపడం అని మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ నా అనుభవంలో మూడూ రుజువు దగ్గరే తేలతాయి.

కాబట్టి ఇవాళ సాయంత్రం ఒక గంట పెట్టుకుని కూర్చోండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గ్లవ్స్ అక్కర్లేదు, కాటన్ గ్లవ్స్ వేసుకుంటే కాగితం అంచు వేలికి తెలియదు, పేజీ చిరిగే ప్రమాదం ఎక్కువ. శుభ్రమైన టేబుల్ మీద, దగ్గర్లో కాఫీ, నీళ్లు లేకుండా చూసుకుని, పుస్తకాన్ని పూర్తిగా పరిచేయకుండా లోపల కనిపించేంత మాత్రమే తెరవండి. మొదట చూడాల్సింది ఉత్తరాల పేజీలో ఉండే మార్వెల్ వాల్యూ స్టాంప్. ఆ రోజుల్లో మార్వెల్ వాళ్లు సంచికల్లో చిన్న బొమ్మ స్టాంపులు అచ్చువేసి, కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోమని పిల్లలకి చెప్పేవాళ్లు, పిల్లలు బుద్ధిగా కత్తిరించేశారు. హల్క్ 181లో ఉండాల్సింది 54వ నంబరు, షానా అనే మార్వెల్ పాత్ర బొమ్మ. అది లేకపోతే కవర్ ఎంత మెరుస్తున్నా ధర బాగా పడిపోతుంది, గ్రేడింగ్‌కి ఇస్తే (అంటే బయటి సంస్థ చేత మార్కు వేయించి ప్లాస్టిక్ కేసులో పెట్టిస్తే) మామూలు నీలం లేబుల్ బదులు లోపం రాసి ఉన్న ఆకుపచ్చ లేబుల్ రావచ్చు, లేదా చాలా తక్కువ గ్రేడు రావచ్చు. తర్వాత పేజీలన్నీ ఉన్నాయా, నడిమి పేజీ పిన్నుల నుంచి ఊడిందా, పిన్నులకి తుప్పు పట్టిందా చూడండి. ఇవన్నీ చూడకుండా న్యూజెర్సీ ఆయనతో ధర మాట్లాడితే ఇద్దరికీ నష్టం.

తర్వాత ఫొటోలు. ముందు అట్ట, వెనక అట్ట, నాలుగు మూలలు దగ్గరగా, వెన్ను మొత్తం, పిన్నులు, స్టాంప్ ఉన్న పేజీ, అట్టల లోపలి వైపు. ఫ్లాష్ వాడకండి, కిటికీ వెలుతురు చాలు, ఒకటి రెండు ఫొటోలు మాత్రం లైటు పక్క నుంచి పడేలా తీయండి, ఎదురుగా కనిపించని నొక్కులు అప్పుడు బయటపడతాయి. లోపాలు దాచాలనుకోకండి. పిన్ను కాస్త వంకరగా పడటం, రంగు కాస్త పక్కకి జరిగి అచ్చవడం, అంచు ఏటవాలుగా తెగడం, ఇవే మీ కాపీని ఇంకో కాపీ నుంచి వేరు చేస్తాయి. కొన్నవాడు నచ్చలేదంటూ వేరే నాసిరకం కాపీని మీకు తిరిగి పంపితే, మీది కాదని చెప్పడానికి ఈ ఫొటోలే దిక్కు. ఎస్టేట్ సేల్ రసీదు కూడా భద్రంగా పెట్టండి, లేకపోతే ఆ సేల్ నడిపిన వాళ్లకి మెయిల్ పెట్టి ఎప్పుడు, ఎంతకు కొన్నారో రాయించుకోండి. అది ట్యాక్స్‌కి కూడా కావాలి, ఏడాది దాటి ఉంచుకుని అమ్మితే సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ ట్యాక్స్ 28 శాతం దాకా ఉంటుంది, కొన్న ధర చూపించలేకపోతే మీకే నష్టం.

ఇక దాచడం. ఆనాటి కామిక్స్ అన్నీ చవక న్యూస్‌ప్రింట్ మీద వేసినవి. ఆ కాగితంలో లిగ్నిన్ ఉంటుంది, దానితో కాగితం తనంతట తానే ఆమ్లంగా మారి పసుపెక్కి పెళుసెక్కుతుంది. మనం దాన్ని ఆపలేం, నెమ్మదింపజేయగలం, అంతే. వేడి, వెలుతురు, చెమ్మ తగ్గించాలి, చుట్టూ ఆమ్లం లేని వస్తువులే ఉండాలి. కవర్ మైలార్‌ది కొనండి, అది పాలియెస్టర్, ఏళ్ల తరబడి మారకుండా ఉంటుంది. మామూలు పాలీప్రొపిలీన్ కవర్లు తాత్కాలికంగా పర్వాలేదు, కానీ కొన్నేళ్లకోసారి మార్చాలి. పీవీసీ కవర్ల జోలికి అసలు వెళ్లొద్దు. వెనక పెట్టే అట్ట ఆమ్లరహితమని, కాల్షియం కార్బొనేట్ కలిపిందని రాసి ఉన్నదే తీసుకోండి. సైజు కూడా ముఖ్యం, ఇప్పటి కామిక్స్‌కి వాడే ఇరుకు కవర్‌లో 1974 పుస్తకాన్ని దూరిస్తే మూలలు నలుగుతాయి, సిల్వర్ ఏజ్ సైజు, అంటే పాత కామిక్స్‌కి సరిపోయే వెడల్పు కవర్, అని అడగండి.

కవర్ నోరు మూసే టేపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పుస్తకాన్ని బయటికి తీసేటప్పుడు తెరిచిన టేపు ముందు అట్టకి అంటుకుని రంగు లేచిపోవడం ఈ హాబీలో అతి మామూలుగా జరిగే నష్టం. తీసే ముందు టేపుని పూర్తిగా పీకేయండి. వెనక్కి మడిస్తే చాల్లే అనుకోకండి.

పెట్టాల్సిన చోటు ఇంటి మధ్యలో, బయటి గోడకి ఆనని క్లోజెట్ పై అర. గ్యారేజ్ వద్దు, అటిక్ (పైకప్పు కింది గది) వద్దు, టెక్సస్ ఎండాకాలం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కింద నేల మీద కూడా వద్దు, 2021 ఫిబ్రవరి చలికి మీ వైపు ఎన్ని ఇళ్లలో పైపులు పగిలాయో గుర్తుంది కదా. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది, చిన్న మీటర్ కొని పక్కన పెట్టండి. 2025 నవంబర్‌లో డాలస్‌లోని హెరిటేజ్ అనే వేలం సంస్థ దగ్గర సూపర్‌మ్యాన్ పేరుతో వచ్చిన కామిక్ మొదటి సంచిక 91 లక్షల 20 వేల డాలర్లకి పోయింది, అది శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక తల్లి ఇంటి అటిక్‌లో, అట్టపెట్టెలో, పాత పేపర్ల కింద ఆమె కొడుకులకి దొరికింది. ఆ వార్త చూసి అటిక్‌లో పెట్టినా ఏమీ కాదులే అనుకునేవాళ్లు ఉన్నారు. అక్కడి చల్లటి వాతావరణం దాన్ని కాపాడింది, డాలస్ అటిక్‌లో అన్నేళ్లుంటే ఆ గ్రేడు వచ్చేది కాదు.

చిరుగు కనిపిస్తే టేపు వేయొద్దు. రంగు పోయిన చోట స్కెచ్ పెన్నుతో దిద్దొద్దు, అంచులు సమంగా కత్తిరించొద్దు. రంగు దిద్దిన, అంచులు కత్తిరించిన కాపీకి గ్రేడింగ్‌లో సాధారణంగా దిద్దారని తెలిపే పర్పుల్ లేబుల్ పడుతుంది, లోపంతో ఉన్న కాపీ కన్నా దిద్దిన కాపీని కొనేవాళ్లు తక్కువ చూపు చూస్తారు. మన ఇళ్లలో పాత చందమామలు దాచుకున్నవాళ్లు కూడా ఈ మాట వింటే బాగుంటుంది: ప్రేమకొద్దీ బైండింగ్ చేయించి అంచులు కోయించడం, అట్టని లామినేషన్ చేయించడం, బీరువాలో నాఫ్తలీన్ ఉండలు వేయడం, మూడూ పుస్తకానికి చేటే. ఎప్పటికైనా తిరిగి తీసేయగలిగిన రక్షణే రక్షణ.

ఇన్సూరెన్స్ విషయంలో చాలామంది ఇంటి పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. ఇంటి పాలసీలో సామాన్లకి ఇచ్చేది చాలాసార్లు పాతబడినందుకు తరుగు తీసేసిన విలువ. క్లెయిమ్ చూసే మనిషికి అది 25 సెంట్ల పాత పుస్తకం. సేకరణ వస్తువులకి విడిగా పరిమితి ఉంటుంది, పైగా వరద మామూలు పాలసీలో అసలు ఉండదు. మీకు రెండు దారులున్నాయి. ఒకటి, మీ ఇంటి పాలసీకే ఈ పుస్తకాన్ని పేరు పెట్టి విడిగా చేర్పించడం, దానికి అప్రైజల్ (నిపుణులు రాసిచ్చే విలువ అంచనా) అడుగుతారు. రెండోది, సేకర్తల కోసమే ఉన్న పాలసీ, కలెక్టిబుల్స్ ఇన్సూరెన్స్ సర్వీసెస్ లాంటి వాళ్లు కామిక్స్‌కి ఇస్తారు. ఒక్క పుస్తకమే అయితే మొదటిది, పెట్టెలో ఇంకా మంచివి ఉంటే రెండోది నా సలహా. ఏదైనా సరే ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడిగి జవాబు రాతలో తీసుకోండి: నష్టం వస్తే మార్కెట్ ధర ఇస్తారా లేక ముందే ఒప్పుకున్న ధరా, వరద, పైపు పగలడం ఉన్నాయా, పోస్టులో ఉన్నప్పుడు వర్తిస్తుందా, అయితే ఏ సర్వీసులో ఎంత వరకు, పుస్తకం పోకుండా కేవలం పాడైతే తగ్గిన విలువ ఇస్తారా. చివరి ప్రశ్న చాలామంది అడగరు, కామిక్స్‌లో ఎక్కువగా జరిగేది మాత్రం అదే.

నటుడు నికొలస్ కేజ్ కథ ఇక్కడ పనికొస్తుంది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ 1, ఆయన కాపీ 2000లో ఇంట్లోంచి దొంగతనమైంది, ఇన్సూరెన్స్ డబ్బు వచ్చింది. 2011లో లాస్ ఏంజెలెస్ దగ్గర శాన్ ఫెర్నాండో వ్యాలీలో ఒక స్టోరేజ్ లాకర్‌లో అది దొరికింది, అదే ఏడాది వేలంలో 21 లక్షల 60 వేల డాలర్లు పలికింది. క్లెయిమ్ డబ్బు తీసుకున్నాక వస్తువు దొరికితే అది ఎవరిదవుతుంది, డబ్బు తిరిగిచ్చి పుస్తకం తీసుకునే హక్కు మీకు ఉంటుందా అనేది పాలసీలో రాసి ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఆ పేరా వెతికి చదవండి. ధరలు పెరుగుతున్న వస్తువుకి అది చిన్న విషయం కాదు.

ఇక పంపడం. నా మొదటి సలహా, పంపకుండా ఉండే దారి చూడండి. మీరున్నది ప్లానోలో. హెరిటేజ్ వాళ్ల ప్రధాన కార్యాలయం డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గరే ఉంది, అపాయింట్‌మెంట్ తీసుకుని కారులో వెళ్లి చేతికిచ్చి రసీదు తీసుకోవచ్చు. వేలంలో వద్దు, ఆ న్యూజెర్సీ ఆయనకే ఇస్తాను అంటారా, అప్పుడు కూడా ముందు సీజీసీ అనే సంస్థ చేత గ్రేడింగ్ చేయించి తర్వాతే అమ్మండి. ఇలాంటి పుస్తకాన్ని గ్రేడు లేకుండా దేశం ఆ చివరికి పంపితే, మీరు బాగుందన్నది ఆయనకి బాగుండకపోవచ్చు, దారిలో నలిగిందో ముందే నలిగి ఉందో ఎవరూ తేల్చలేరు. సీజీసీ ఫ్లోరిడాలోని సారసోటాలో ఉంది, పెద్ద కామిక్ కన్వెన్షన్లకి వాళ్లే వచ్చి పుస్తకాలు తీసుకుంటారు, అది కుదిరితే వెళ్లేటప్పుడు పోస్టు గొడవే ఉండదు. ఫారంలో రాసే విలువ మాత్రం నిజాయితీగా రాయండి. ఫీజు విలువని బట్టి ఉంటుంది కాబట్టి కొందరు తగ్గించి రాస్తారు, తిరుగు పార్సెల్ పోతే అప్పుడు వచ్చేది ఆ తగ్గించి రాసిన విలువే.

ఫ్రెండ్ చేతికివ్వడం గురించి. చూడ్డానికి సులువే, విమానంలో చేతి బ్యాగులో పుస్తకం భద్రంగానే వెళ్తుంది, ఎక్స్‌రే వల్ల కాగితానికి ఏమీ కాదు. కానీ మీ పాలసీ ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు వర్తించకపోవచ్చు, సెక్యూరిటీ దగ్గర బ్యాగు తెరిస్తే దాన్ని ఎలా పట్టుకోవాలో ఆ ఫ్రెండ్‌కి తెలియదు, ఏమైనా జరిగితే డబ్బుతో పాటు స్నేహం కూడా పోతుంది. ఆవకాయ సీసా పంపినట్టు పంపే వస్తువు కాదిది. మీరే వెళ్తుంటే వేరే సంగతి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని సీటు కిందే ఉంచుకోండి.

పోస్టే అంటే నా ఓటు అమెరికా పోస్టల్ వాళ్ల రిజిస్టర్డ్ మెయిల్‌కి. నెమ్మది, రెండు వారాలు పట్టినా కంగారు పడకూడదు, కానీ చేతులు మారిన ప్రతిసారీ సంతకం ఉంటుంది, తాళం వేసిన చోట ఉంటుంది, 50,000 డాలర్ల దాకా ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు. మామూలు ఇన్సూర్డ్ మెయిల్‌కి పరిమితి 5,000 డాలర్లే. మన గుంటూరు సీమ కొల్లూరు గనుల్లోదని చెప్పే హోప్ వజ్రాన్ని 1958లో హ్యారీ విన్‌స్టన్ న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌కి పంపింది ఈ రిజిస్టర్డ్ మెయిల్‌లోనే, బ్రౌన్ పేపర్ చుట్టి, మొత్తం 145 డాలర్ల 29 సెంట్లు కట్టి, అందులో చాలా భాగం ఇన్సూరెన్స్‌కే. దీనికి ఒక నియమం ఉంది, పైన ప్లాస్టిక్ టేపు వేయకూడదు, తడిపి అంటించే కాగితం టేపే వాడాలి, ఎందుకంటే అతుకుల మీద వాళ్లు ముద్రలు వేస్తారు, ఎవరైనా విప్పితే తెలుస్తుంది. మెరిసే పెట్టె కూడా వద్దు, మామూలు గోధుమ రంగు పెట్టె తీసుకుని స్వయంగా కౌంటర్ దగ్గరికి వెళ్లండి.

యూపీఎస్, ఫెడెక్స్ గురించి అడిగారు. అక్కడ మీరు రాసే డిక్లేర్డ్ వాల్యూ ఇన్సూరెన్స్ కాదు, వాళ్ల బాధ్యతకి పైపరిమితి మాత్రమే. ఫెడెక్స్ నిబంధనల్లో సేకర్తల వస్తువులకి ఆ పరిమితి 1,000 డాలర్లు. కౌంటర్‌లో పదివేలని రాసి డబ్బు కట్టించుకున్నా క్లెయిమ్ రోజు ఆ నిబంధనే చూపిస్తారు. మీ సొంత పాలసీ ఆ కొరియర్‌ని రాతలో ఒప్పుకుంటే తప్ప నేను వెళ్లను.

ప్యాకింగ్. నాకు ఒకసారి ఖరీదైన కాపీ ఒకటి పల్చటి కవర్‌లో వచ్చింది, పోస్ట్‌మ్యాన్ దాన్ని బాక్స్‌లో పట్టేలా వంచి దూర్చాడు, అమ్మినాయన లోపల అట్ట పెట్టాను కదా అంటాడు. ఒక్క అట్ట సరిపోదు. మైలార్ కవర్‌లో ఉన్న పుస్తకాన్ని, దాని కన్నా అన్ని వైపులా ఒక అంగుళం పెద్దగా ఉన్న గట్టి అట్టకి, కదలకుండా కవర్ మూలల మీదుగా పెయింటర్స్ టేపుతో (జిగురు మిగలకుండా సులువుగా ఊడే టేపు) అంటించండి. పైన రెండో అట్ట పెట్టండి. ఒక అట్టలో లోపలి ముడతల గీతలు నిలువుగా, రెండో దాంట్లో అడ్డంగా ఉండాలి, అప్పుడు ఎటూ వంగదు. రెంటినీ కలిపి జిప్ కవర్‌లో పెట్టండి, వాన కోసం. దానికి బబుల్ రాప్ చుట్టి, చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని పెద్ద పెట్టెలో, చుట్టూ కనీసం రెండంగుళాల మెత్తటి సామాను ఉండేలా పెట్టండి. మూసే ముందు ఊపి చూడండి, లోపల ఏమీ కదలకూడదు. లోపల కూడా రెండు అడ్రసులు రాసిన కాగితం పెట్టండి. బయట కామిక్ అన్న మాట ఎక్కడా కనిపించకూడదు, జాగ్రత్త అని ఎర్రక్షరాలు కూడా వద్దు, అవి దొంగ కంట్లో పడతాయి.

గ్రేడు చేసి ప్లాస్టిక్ కేసులో పెట్టిన కాపీకి ఈ జాగ్రత్తలు అక్కర్లేదనుకోకండి. ఆ కేసు నీళ్లు ఆపదు, ఎండ వేడిని ఆపదు. పార్సెల్ గట్టిగా ఎగిరెగిరి పడితే కేసు లోపలే పుస్తకం కదిలి అంచులు దెబ్బతింటాయి. పైగా 2023 చివర్లో, కేసులు తెరిచి లోపల తక్కువ గ్రేడు కాపీలు పెట్టి మళ్లీ మూసి అమ్మిన మోసం బయటపడింది, ఆ తర్వాత సీజీసీ అనుమానమున్న సర్టిఫికెట్ నంబర్ల జాబితా కూడా ఇచ్చింది. అందుకే పంపే ముందు కేసు నాలుగు అంచులూ, లేబుల్ నంబరూ స్పష్టంగా ఫొటో తీయండి. కేసు చూపించడం దగ్గర నుంచి పెట్టె మూసి టేపు వేసే దాకా ఆపకుండా ఒకే వీడియోలో ఉండాలి.

సోమవారమో మంగళవారమో పోస్టు చేయండి, శని, ఆదివారాలు ఏదో వేడి గోడౌన్‌లో పడి ఉండకుండా. డబ్బు మీ ఖాతాలో పూర్తిగా పడ్డాకే పంపండి. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో అమ్మితే 750 డాలర్లు, అంతకు మించిన ఆర్డర్లకి సంతకం తీసుకునే డెలివరీ తప్పనిసరి, బయట అమ్మినా అదే పాటించండి. కొన్నాయన ఇచ్చిన అడ్రసుకే పంపండి, ఆఖరి నిమిషంలో ఆఫీసుకి మార్చమన్నా, చుట్టాలింటికి పంపమన్నా, ఆ మాట రాతలో తీసుకుని, డబ్బు వచ్చిన ఖాతా మనిషే అడుగుతున్నారని ఖాయం చేసుకున్నాకే కదలండి.

పెట్టె చేరగానే తెరిచేటప్పుడు వీడియో తీయమని, దెబ్బ తగిలి ఉంటే పెట్టె, అట్టలు, బబుల్ రాప్ ఏదీ పారేయొద్దని ఆయనకి ముందే చెప్పండి, పోస్టల్ వాళ్లు తనిఖీకి అవన్నీ అడుగుతారు. పాడైతే వెంటనే క్లెయిమ్ వేయండి. రిజిస్టర్డ్ మెయిల్ అసలు చేరకపోతే పోస్టు చేసిన తేదీ నుంచి 15 రోజులు ఆగాలి, 60 రోజులు దాటకూడదు. క్లెయిమ్‌తో పాటు విలువ రుజువు జతచేయాలి, ఆయన చెల్లించిన రసీదు, గ్రేడింగ్ కాగితం, మీరు తీసిన ఫొటోలు అప్పటికి ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. స్టాంప్ పేజీ చూశాక ఏముందో ఇక్కడ రాయండి, అది లేకపోతే గ్రేడింగ్‌కి డబ్బు పెట్టడం విషయంలో నా సలహా మారుతుంది.